మన ఎం.పి. పద్దు ఎట్లా చదవాలి?
(నరసరావుపేట లోక్‌సభ స్థానం మీద ఒక పరిశీలన)

ఎన్నికలు దగ్గర పడే కొద్దీ పార్లమెంటు సభ్యుల గురించి కొన్ని అంకెలు బయటికొస్తాయి. హాజరు ఇంత శాతం, అడిగిన ప్రశ్నలు ఇన్ని, పాల్గొన్న చర్చలు ఇన్ని. అభిమానులు వాటిని ఫ్లెక్సీలకెక్కిస్తారు. ఎదుటి పార్టీవాళ్లు అవే అంకెల్ని తిరగేసి తిట్టిపోస్తారు. ఈ రెండింటి వల్లా మాలపల్లెకీ మాదిగపల్లెకీ తెలిసేదేమీ లేదు. అంకెలు అబద్ధమని మేం అనటం లేదు. ఏ అంకె వెనక ఏముందో తెలియకుండా వాటిని నమ్మటమూ, కొట్టిపారెయ్యటమూ రెండూ తప్పేనంటున్నాం. దళిత కార్యకర్తలు, విద్యార్థులు, పంతుళ్లు ఈ పద్దును తామే విప్పి చదువుకోవాలి. అందుకు పనికొచ్చే సంగతులు కొన్ని ఇక్కడ చెప్తాం.

పల్నాడుకు ఈ లెక్క ఎందుకు ముఖ్యం?

నరసరావుపేట లోక్‌సభ స్థానం కింద పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అనే 7 శాసనసభ నియోజకవర్గాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ పల్నాడు జిల్లాలోనూ ఇవే ఉన్నాయి. ఈ 7లో ఒక్కటి కూడా ఎస్సీలకు రిజర్వు కాలేదు. రాష్ట్రంలో 29 ఎస్సీ శాసనసభ స్థానాలున్నాయి. పాత గుంటూరు జిల్లాకు దక్కిన తాడికొండ, ప్రత్తిపాడు, వేమూరు మూడూ పల్నాటికి అవతలే ఉన్నాయి. అంటే ఇక్కడి దళితులు ఓటర్లే గానీ, తమ ప్రతినిధిని రిజర్వేషన్ ద్వారా ఎన్నుకునే వీలు వాళ్లకు అసెంబ్లీకీ లేదు, పార్లమెంటుకీ లేదు. వాళ్ల మాట ఎప్పుడూ ఇంకొకరి నోటితోనే వినపడాలి. అప్పగించిన మాటకు లెక్క అడగటం హక్కు.

ఈ సీటు చిన్నదేమీ కాదు. ముఖ్యమంత్రి పదవి చేసిన ముగ్గురిని లోక్‌సభకు పంపింది. 1977, 1980ల్లో కాసు బ్రహ్మానందరెడ్డి, 1998లో కొణిజేటి రోశయ్య (ఆయన తర్వాత 2009లో ముఖ్యమంత్రి అయ్యారు), 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డి గెలిచారు. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టిన నాడు ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపిన నాడు ముఖ్యమంత్రి జనార్దనరెడ్డి. చుండూరు జరిగిన జిల్లా నుంచే 8 ఏళ్లకు ఆయన ఎం.పి. అయ్యారు. ఈ మాట వ్యక్తుల మీద కోపంతో అనటం లేదు. ఓట్లడిగే వేళకు మన ఊళ్లలో ఎవరి చేతిలోనూ వాళ్ల పాత పద్దు లేదన్నదే మా బాధ.

ఓటు ఎప్పుడు కాగితం మీదికొస్తుంది?

మన సభ్యుడు ఫలానా బిల్లుకు ఓటేశాడా లేదా అని అడిగితే చాలాసార్లు జవాబు దొరకదు. ఎందుకంటే లోక్‌సభలో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. ఒప్పుకునేవాళ్లు అవునంటారు, ఒప్పుకోనివాళ్లు కాదంటారు. ఏ వైపు గొంతు ఎక్కువ వినపడితే ఆ వైపు గెలిచిందని స్పీకర్ ప్రకటిస్తారు. పేర్లు రాయరు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ కోరితేనే బటన్లు నొక్కటం, ఎవరు ఎటన్నది రికార్డవటం. రాజ్యాంగ సవరణలకు మాత్రం డివిజన్ తప్పనిసరి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకున్నారని లెక్క తేలాలి కదా.

దీని ఫలితం ఏమిటో చూడండి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అట్రాసిటీ చట్టానికి పళ్లూడగొట్టింది. ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేశారు, ప్రాణాలు పోయాయి. ఆ ఒత్తిడికి కేంద్రం సవరణ బిల్లు తెచ్చింది. ఆగస్టు 6న, అంటే సరిగ్గా చుండూరు దినాన, లోక్‌సభ దాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించింది. మనకు అంత కీలకమైన ఆ చట్టం మీద ఏ సభ్యుడి ఓటూ పేరుతో సహా దొరకదు. చర్చలో ఎవరు లేచి ఏం మాట్లాడారన్నది మాత్రం దొరుకుతుంది. కాబట్టి ఓటు కన్నా ఒక్కోసారి ప్రసంగమే గట్టి సాక్ష్యం.

విప్ అనే ముకుతాడు

పేర్లు రికార్డయిన చోట ఇంకో చిక్కుంది. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటెయ్యకుండా కూర్చున్నా, ముందు అనుమతి లేకపోతే సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే సరి. అమ్ముడుపోవటాన్ని ఆపటానికి తెచ్చిన చట్టం మనస్సాక్షికి కూడా తాళం వేసింది.

2019 జనవరి 8న అగ్రకుల పేదలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చే సవరణ మీద లోక్‌సభలో డివిజన్ జరిగింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకు ఇందులో చోటు లేదు. అనుకూలం 323, వ్యతిరేకం 3. ఆ ముగ్గురూ హైదరాబాదు ఎం.పి. అసదుద్దీన్ ఒవైసీ, కేరళ నుంచి వచ్చిన ముస్లిం లీగ్ సభ్యులిద్దరూ. లోక్‌సభలో ఎస్సీలకు 84 స్థానాలున్నాయి. వాటిలో నుంచి ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు. 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి నియోజకవర్గాలొచ్చాక, రిజర్వుడు సభ్యుడు కూడా అందరి ఓట్లతో, పార్టీ టిక్కెట్టుతో గెలవాల్సినవాడే అయ్యాడు. ఆ పైన విప్. ఇంక ఆ గొంతులో మన మాట ఎంత మిగుల్తుంది? రిజర్వుడు సీటు లేదని బాధపడే పల్నాడు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి. సీటు ఒక్కటే చాలదు.

పార్టీ మారితే విప్ కూడా మారుతుంది. నరసరావుపేట నుంచి 2019లో లావు శ్రీకృష్ణదేవరాయలు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2024 జనవరిలో ఆ పార్టీ వదిలి, తెలుగుదేశం తరఫున మళ్లీ అక్కడే గెలిచి, లోక్‌సభలో ఆ పార్టీ నాయకుడయ్యారు. ఇట్లాంటప్పుడు ఓట్ల జాబితా చూస్తే ఎక్కువగా తెలిసేది పార్టీల సంగతే. మనిషి సంగతి తెలియాలంటే విప్ అందని చోట వెతకాలి.

ఓటుకు రానివీ, సభలో లేనివీ

పద్దులో ఖాళీలు కూడా చదవాలి. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే గొడవ జరిగి, మన ప్రాంత సభ్యులు కొందరు సస్పెండయ్యారు. వాళ్లలో నాటి నరసరావుపేట ఎం.పి. మోదుగుల వేణుగోపాలరెడ్డి, నాటి గుంటూరు ఎం.పి. రాయపాటి సాంబశివరావు ఉన్నారు. 18న రాష్ట్ర విభజన బిల్లు పాసైన రోజు పల్నాడు ఓటు సభలో లేదు. అది కూడా మూజువాణి ఓటే. రాయపాటి అదే ఏడాది నరసరావుపేట నుంచి గెలిచారు.

ఇంకో ఖాళీ వర్గీకరణది. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైంది. 2000లో రాష్ట్రం చట్టం చేసింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక దారి పార్లమెంటేనన్నారు. ఉషా మెహ్రా కమిషన్ వేశారు. కోరేవాళ్ల సభలో ఒక మాట, వద్దనేవాళ్ల సభలో ఇంకో మాట చెప్పారు. చివరికి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టే రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని తేల్చింది. ఆ 20 ఏళ్లలో వర్గీకరణ బిల్లు లోక్‌సభలో ఓటుకు రాలేదు. మాదిగలైనా మాలలైనా, ఏ పక్షానిదైనా, తమ సభ్యుడు ఎటున్నాడో తేల్చుకునే అవకాశం దొరకలేదు. ఓటు జరక్కుండా చూడటం కూడా ఒక రాజకీయమే.

విప్ లేని చోట

ప్రశ్నకు విప్ లేదు. ఏ పార్టీ సభ్యుడైనా 15 రోజుల ముందు నోటీసిచ్చి మంత్రిని ప్రశ్న అడగొచ్చు. రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు వేసి సభలో నోటితో జవాబిస్తారు, దాని మీద అనుబంధ ప్రశ్నలుంటాయి. మరో 230కి రాతపూర్వకంగా జవాబిస్తారు. ఇక్కడ లెక్క కన్నా రకం ముఖ్యం. "దళితుల అభివృద్ధికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" అనడిగితే పథకాల పేర్ల దండకం వస్తుంది. "గత 3 ఏళ్లలో ఈ రాష్ట్రంలో అట్రాసిటీ కేసులెన్ని, చార్జిషీటు పడినవెన్ని, శిక్ష పడినవెన్ని, పరిహారం ఆగినవెన్ని?" అనడిగితే ప్రభుత్వమే సంతకం పెట్టిన కాగితం మన చేతికొస్తుంది. అది కోర్టులోనూ, కలెక్టరు ముందూ పనికొస్తుంది. అట్లాంటి ప్రశ్న ఒక్కటి వంద దండకాల పెట్టు.

జీరో అవర్ మాటలు, 377 నిబంధన కింద లేవనెత్తిన అంశాలు, శుక్రవారం నాటి ప్రైవేటు సభ్యుల బిల్లులు కూడా ఈ కోవలోవే. హాజరు మాత్రం జాగ్రత్తగా చదవాలి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చెయ్యరు, ప్రశ్నలడగరు. సంతకం పెట్టి వెళ్లిపోయినవాడికీ, సాయంత్రం దాకా కూర్చున్నవాడికీ పట్టీలో తేడా ఉండదు.

ఢిల్లీ దాకా పోనక్కర్లేని పద్దు

అన్నిటికన్నా దగ్గరి రికార్డు నరసరావుపేట కలెక్టరేట్‌లోనే ఉంటుంది. 1995 అట్రాసిటీ నిబంధనల్లో 17వది జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ గురించి చెప్తుంది. కలెక్టరు అధ్యక్షుడు. ఎం.పి., ఎమ్మెల్యేలు సభ్యులు. 3 నెలలకొకసారైనా కూర్చోవాలి. కేసులు, పరిహారం, పునరావాసం అన్నీ అక్కడే చూడాలి. ఈ కమిటీ ఏడాదికి 4 సార్లు కూర్చుందా? ఎం.పి. వచ్చారా? వస్తే ఏ ఊరి పేరెత్తారు? దీనికి విప్ అడ్డం కాదు, పార్లమెంటు సమావేశాలూ అడ్డం కాదు. సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తుతో మినిట్స్ అడగొచ్చు.

ఎం.పి. నిధులు కూడా అంతే. ఏడాదికి 5 కోట్ల కోటాలో 15 శాతం, అంటే 75 లక్షలు, ఎస్సీలు నివసించే చోట్లకూ, 7.5 శాతం, అంటే 37 లక్షల 50 వేలు, ఎస్టీలు నివసించే చోట్లకూ సిఫారసు చెయ్యాలని మార్గదర్శకాలున్నాయి. రాసుకున్న పని పల్లెలో ఉందో, ఊరి మధ్యలో ఉందో వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

పల్నాడులో చాపకూడు గొప్పతనం చెప్పటానికి, కన్నమదాసును పొగడటానికి మన నాయకులకు మాటల కరువు లేదు. ఆ మాటల పక్కన ఈ కాగితాలు పెట్టి చూడటం మన పని. మండలానికిద్దరు విద్యార్థులు, ఒక పంతులు కూర్చుంటే ఏడాది పద్దు తయారవుతుంది. ఓటెటు పడింది, ఏ ప్రశ్న అడిగారు, ఏం మాట్లాడారు, కమిటీకి ఎన్నిసార్లొచ్చారు, 75 లక్షలు ఎక్కడికి పోయాయి అనే అయిదు గళ్లు గీస్తే చాలు. దాన్ని ఎన్నికల ముందు కాదు, ప్రతి ఏప్రిల్ 14న వాడలో పెద్దగా చదవాలి. లెక్క వినే జనం ఉన్నారని తెలిస్తేనే ఆ లెక్క రాసేవాడికి భయం పుడుతుంది.