శాసనశిలయు, సెల్‌ఫోను పద్దును

పాలంపేటకు పోయినవారు రామప్పగుడిలో నందిని, మదనికలను తనివితీర చూచి వత్తురు. శాసనము చెంత నిలుచువారు అరుదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన ఆ శాసనము ఎనిమిది వందల యేండ్లుగా ఒక్కమాటయే చెప్పుచున్నది. దానికి నూరు ప్రతులు తీసి నూరు ఊళ్లలో నుంచినను పాఠము ఒక్కటే. మారని దానిని అందరికిని అందుబాటులో నుంచుట తేలిక. క్షణక్షణమును మారు లెక్కతోనే చిక్కంతయు.

ఆ గుడికి విహారయాత్రగా వచ్చిన విద్యార్థి యొకడు టీకొట్టులో ఇరువది రూపాయలు ఫోనుతో చెల్లించుచున్నాడనుకొందము. నడుమ సిగ్నలు పోయినది. డబ్బు పోయినదా, ఉన్నదా?

లావాదేవీ పూర్తిగా జరుగవలెను, లేదా బొత్తిగా జరుగనట్లే యుండవలెనని డేటాబేస్ శాస్త్రము. అందులకు పాత పద్ధతి పెండ్లిపెద్ద నడపు సంబంధము వంటిది. మధ్యవర్తి ఇరుపక్షములను ‘సిద్ధమా?’ అని యడుగును. ఇద్దరును సరేయన్న పిదపనే ‘కానిండు’ అనును. అంతవరకు ఇరువురును తమ లెక్కకు తాళము వేసికొని కూర్చుండవలెను. మధ్యవర్తి పలుకకున్న తాళము తీయు దిక్కుండదు. ఊరూర తిరుగు ఫోనులతో ఇట్టి కాపలా సాగునా?

1987లో హెక్టర్ గార్సియా-మొలీనా, కెన్నెత్ సేలం అను విద్వాంసులు ‘సాగా’ యను వేరుత్రోవ చూపిరి. పనిని అంచెలుగా విడదీసి, ఏ అంచెకాయంచె ముగించి, నడుమ చెడినచో ఎదురుపద్దు వ్రాసి సరిదిద్దుట. 2016లో వచ్చిన యూపీఐ నడక దీనికి దగ్గరిది. మొదట ఇచ్చువాని ఖాతా తగ్గును. పిమ్మట పుచ్చుకొనువాని ఖాతా పెరుగును. రెండవది తప్పిన మొదటిది తిరిగి జమ కావలెను.

ఆ సందుకాలమున సొమ్ము ఇరువురికిని కానరాదు. పిల్లవానికి గుండెదడ, కొట్టువానికి అనుమానము. తొందరపడి మరల నొక్కినచో అది కొత్త సంఖ్యతో వేరొక చెల్లింపగును. యంత్రము దానిని పాతదిగా నెంచదు. కావున ముందు ఫోనులోని లావాదేవీల పట్టిక చూడవలెను. సొమ్ము తెగియు వ్యాపారికి ధ్రువీకరణ చేరనిచో, లావాదేవీ నాటి పిమ్మట 5 దినములలో అది తనంత తిరిగి రావలెననియు, గడువు మీరిన దినమునకు 100 రూపాయలు పరిహారమనియు రిజర్వు బ్యాంకు 2019లో విధించినది. ఈ సంగతి ఎరిగిన కొట్టువారు ఎందరు!

సిగ్నలు అసలే లేనిచోటికై 2023లో యూపీఐ లైట్ ఎక్స్ వచ్చినది. కొంత సొమ్మును ముందే ఫోనులో వేరుపరచి, రెండు ఫోనులను దగ్గర చేర్చి చెల్లింతురు. బ్యాంకు లెక్క తరువాత కుదురును. బ్యాంకు నడుగకయే ఫోను మాట నమ్మవలసి వచ్చుటచే ఆ సొమ్మునకు చిన్న హద్దు పెట్టిరి.