గాలి ఎక్కడ పోతోంది? కనిపెడితే కొలువు!

సైకిల్ సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ ఉద్యోగానికి వెళ్లారు. మేనేజర్ ప్రశ్నలేమీ అడగలేదు. ఓ మౌంటెయిన్ బైక్ చక్రం మీ ముందు పెట్టి ‘రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి దిగిపోతోంది, ఏంటో చూడండి’ అన్నారనుకోండి. మీరేం చేస్తారు? చూసీ చూడగానే సీలెంట్ సీసా అందుకున్నారా... సగం మార్కులు పోయినట్టే! చేతి వేగం కంటే, గాలి ఎటునుంచి పోతోందో మీరెలా తేలుస్తారన్నదే అక్కడ అసలు పరీక్ష.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. వారాంతాల్లో ఖరీదైన గేర్ల సైకిళ్లు వేసుకుని బయల్దేరేవాళ్లను చూస్తూనే ఉన్నాం. వాటిని నమ్మకంగా చేతికివ్వగలిగే మెకానిక్ కూడా కావాలిగా! ఐటీఐ, డిప్లొమా, మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లే కాదు, ఓపికున్న డిగ్రీ విద్యార్థులు కూడా ఈ పని నేర్చుకోవచ్చు.

ట్యూబ్ లేకుండా గాలి ఎలా ఆగుతుంది?

మీ ఇంట్లో బైక్ చూడండి. అల్లాయ్ చక్రాలైతే చాలావరకు ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటాయి. స్పోక్స్ చక్రాలైతే చాలావరకు లోపల ట్యూబ్ ఉంటుంది. కారణం చిన్నదే. స్పోక్స్ బిగించాలంటే రిమ్‌కి రంధ్రాలు పెట్టాలి. రంధ్రం ఉన్నచోట గాలి ఆగదు.

మౌంటెయిన్ బైక్‌కీ స్పోక్స్ ఉంటాయి, ఒక్కో చక్రానికి సాధారణంగా 28 లేదా 32. మావిక్, హచిన్సన్, మిషెలిన్ కంపెనీలు 1999లో యూఎస్‌టీ పేరుతో తెచ్చిన ట్యూబ్‌లెస్ పద్ధతిలో, టైరు కూర్చునే వైపు రిమ్‌కి స్పోక్ రంధ్రాలే ఉండేవి కావు. ఇప్పటి రిమ్‌లలో ఎక్కువభాగానికి ఆ రంధ్రాలుంటాయి. వాటిమీద గాలి చొరబడని టేప్ వేస్తారు. దానికి తోడు బీడ్ అనే టైరు అంచు రిమ్‌కి గట్టిగా పట్టుకోవాలి. వాల్వ్ అడుగున ఉండే రబ్బరు సరిగ్గా కూర్చోవాలి. లోపల పోసిన సీలెంట్ చిన్న చిన్న సందుల్లోకి వెళ్లి గడ్డకడుతుంది. అంటే గాలిని ఆపేవి నాలుగు: టేప్, బీడ్, వాల్వ్, టైరు. లీకేజీ కూడా ఈ నాలుగింటిలోనే వెతకాలి.

వరుసగా వెతకండి

మన వీధి చివర పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు చూస్తారు కదా. ఇక్కడా అదే సూత్రం. గాలి నింపి, సబ్బు నీళ్లలో ముంచిన బ్రష్‌తో ఈ వరుసలో తడపండి.

మొదట వాల్వ్ కొన. బుడగలొస్తే లోపలి కోర్ వదులై ఉండొచ్చు, పాడై ఉండొచ్చు. బిగించి చూడండి, లేదా మార్చండి.

తర్వాత టైరుపై భాగం, పక్క గోడలు. ముల్లు గుచ్చుకున్న చిన్న రంధ్రమైతే సీలెంట్ చాలు. చీలిక పెద్దదైతే ప్లగ్ దూర్చాలి. కొత్త టైరు పక్క గోడల నుంచి సన్నని నురగలా వస్తే కంగారు పడొద్దు. సీలెంట్ పోసి చక్రాన్ని బాగా ఊపి, ఒక్కో పక్కకి కాసేపు పడుకోబెడితే ఆగిపోతుంది.

ఆ తర్వాత టైరు, రిమ్ కలిసే చోటు. అక్కడ బుడగలొస్తే టైరు విప్పి రెండు అంచులూ తుడవండి. ఎండిపోయిన పాత సీలెంట్ ముద్దలే చాలాసార్లు అడ్డం పడతాయి. రిమ్ అంచు సొట్ట పోయిందేమో కూడా చూడండి.

చివరగా స్పోక్స్ మొదళ్లు, వాల్వ్ నట్టు.

బుడగ వచ్చిన చోటే రంధ్రం ఉండదు!

కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఏడో స్పోక్ దగ్గర బుడగలు వస్తున్నాయని అక్కడి టేప్ మాత్రమే సరిచేస్తారు. మర్నాటికి టైరు మళ్లీ ఖాళీ. ఎందుకంటే రిమ్ లోపల బోలుగా ఉంటుంది. టేప్ ఒకచోట చిరిగితే గాలి ఆ బోలులోకి దిగి, ఎక్కడ దారి దొరికితే అక్కడి నుంచి బయటికొస్తుంది. వాల్వ్ అడుగు వదులైనా గాలి స్పోక్స్ దగ్గర కనిపించొచ్చు.

కాబట్టి ముందు వాల్వ్ నట్టును చేత్తో బిగించి చూడండి. పట్టకారు వద్దు. బుడగలు ఆగాయా, దోషం వాల్వ్‌ది. ఆగలేదా, టైరు విప్పి టేప్‌ను చుట్టూ పరిశీలించండి. ముడతలు, లేచిన అంచులు, వాల్వ్ రంధ్రం దగ్గర చిరుగులు, టేప్ కిందకి చేరిన సీలెంట్ తడి... ఇవే మీకు ఆనవాళ్లు.

టేప్ మార్చాల్సి వస్తే

రిమ్‌ని ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. టేప్ వెడల్పు రిమ్ లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. గట్టిగా లాగి పట్టుకుంటూ అతికించండి. వాల్వ్ దగ్గర ఒక పొర మీద ఇంకో పొర వచ్చేలా చూడండి. వాల్వ్ కోసం చిన్న రంధ్రమే చేయండి, పెద్దదైతే అదే కొత్త లీకేజీ.

టైరు ఎక్కించాక ముందు సీలెంట్ లేకుండానే గాలి కొట్టి చూడండి. టేప్ సంగతి అప్పుడే బయటపడుతుంది. వాల్వ్ కోర్ తీసేస్తే గాలి ఒక్క ఊపున లోపలికెళ్లి, టైరు అంచు ‘టప్’మంటూ రిమ్‌లో కూర్చుంటుంది. టైరు, రిమ్‌ల మీద రాసిన పరిమితుల్లో ఏది తక్కువో దాన్ని ఎప్పుడూ దాటొద్దు. కళ్లద్దాలు పెట్టుకోండి.

పని ముగించాక కస్టమర్‌కి ఒక మాట చెప్పండి: సీలెంట్ శాశ్వతం కాదు, కొన్ని నెలలకు ఎండిపోతుంది. మన ఎండలకు ఇంకా త్వరగా! రెండు మూడు నెలలకోసారి చూపించుకోమనండి. ఆ మాటతోనే కస్టమర్ మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

ఎక్కడ నేర్చుకోవాలి?

ముందు మీ వీధి సైకిల్ షాపులో సెలవు రోజుల్లో సాయం చేస్తానని అడగండి. పాత రిమ్, టైరు ఒక్కటి దొరికినా ఇంట్లో పదిసార్లు విప్పి బిగించొచ్చు. అమెరికాలో పై చదువులకు వెళ్తున్నారా? అక్కడ కొన్ని క్యాంపస్‌లలో సైకిల్ షాపులున్నాయి. యూసీ డేవిస్‌లోని ‘బైక్ బార్న్’లో విద్యార్థులే పనిచేస్తారు. ఎఫ్-1 వీసాపై చదువుకునేవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయొచ్చు.

రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని అందరూ రాస్తారు. మీరు మాత్రం బాగుచేసిన ప్రతి చక్రానికీ ఓ నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం కనిపించింది, ఏ వరుసలో వెతికారు, అసలు కారణమేంటి, ఏం చేస్తే ఆగింది. ఇంటర్వ్యూలో ‘మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అన్నప్పుడు ఆ పేజీ గుర్తుచేసుకోండి. ఉద్యోగం సైకిల్ షాపులోనైనా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనైనా, వినేవాళ్లకు కావాల్సింది అలాంటి జవాబే.