గిటార్ అంచుకి ఆ చెక్క పట్టీ ఎందుకు?

అమీర్‌పేట మెట్రోలో భుజాన గిటార్‌తో కనిపిస్తారు కదా, ఆ గిటార్ అంచు చుట్టూ సన్నని పట్టీ ఉంటుంది. అదే బైండింగ్. అందం కోసమే అనుకుంటాం, కానీ దానికి ఇంకో డ్యూటీ ఉంది.

మన బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలో తొలుస్తారు. గిటార్ అలా కాదు, పలచటి చెక్కలు వంచి అతికించిన పెట్టె. పై చెక్క కోసిన అంచు బయటికే ఉంటే తేమ త్వరగా ఎక్కుతుంది, దెబ్బ తగిలితే చీలుతుంది. అందుకే అక్కడ గాడి తీసి రోజ్‌వుడ్ లేదా మేపుల్ పట్టీ అతికిస్తారు.

పట్టీ మందం సుమారు 2 మిల్లీమీటర్లే. కొంచెం తడిపి, దాదాపు 150 డిగ్రీల వేడి పైపు మీద మెల్లగా నొక్కాలి. చెక్కలోని లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది, చల్లారాక గట్టిపడి వంపు నిలుస్తుంది. నడుము దగ్గర వంపు ఎక్కువ, తొందరపడితే టప్‌మని విరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ గిటార్ కొంటున్నారా? ముందు ఆ నడుము దగ్గరే పట్టీ లేచిందేమో గోరుతో తడిమి చూడండి. ఉంటా మరి!