అమ్మిన సరుకు వాపసు: బోర్డు మాట, చట్టం మాట

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న మాట దుకాణాల గోడల మీదా, బిల్లుల అడుగునా కనిపిస్తూనే ఉంటుంది. ఇంటికి వెళ్లాక రంగు నచ్చకపోయినా, కొలత కుదరకపోయినా, అదే చీర పక్క అంగట్లో చవగ్గా దొరికినా ఆ మాట చెల్లుతుంది. అలాంటప్పుడు మార్చి ఇవ్వడం దుకాణదారు మంచితనం, లేదా అతను ముందే ఇచ్చిన హామీ. సరుకులోనే లోపం ఉంటే మాత్రం ఆ బోర్డు చెల్లదు.

2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ సంగతి సూటిగానే చెప్పింది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, తీసుకున్న ధర తిరిగి ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, రాయకపోతే 30 రోజుల లోపల సరుకు తీసుకొని డబ్బు ఇవ్వాలి. చట్టం చెప్పింది డబ్బు తిరిగి ఇవ్వమని కనుక, ‘పైసలియ్యం, ఇంకేదైనా తీసుకోండి’ అని చేతిలో పెట్టే క్రెడిట్ నోటుతో సరిపెట్టుకోవాల్సిన పని లేదు.

లోపమంటే విరగడం, చిరగడం ఒక్కటే కాదు. చెప్పింది ఒకటి, ఇచ్చింది మరొకటి అయినా కొన్నవారికి హక్కు ఉంటుంది. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే చెప్పింది. నల్లగొండ జిల్లా చిట్యాలకు దగ్గర్లోనే పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు ఉన్నాయి. చేనేత ఇక్కత్ అని చెప్పి అచ్చు వేసిన మిల్లు బట్ట అంటగడితే, ఆ చీరకు ఒక్క పోగు కూడా తెగకపోయినా సొమ్ము వాపసు అడగవచ్చు. అక్కడ మోసపోయేది కొన్నవారు ఒక్కరే కాదు, రోజుల తరబడి చిటికి కట్టి రంగులద్దిన నేతకారుడు కూడా.

వీటన్నిటికీ ఆధారం బిల్లు. తెల్ల కాగితం మీద అంకెలు గీసి ఇచ్చే కచ్చా చిట్టీలో దుకాణం పేరూ, తేదీ, సరుకు వివరం లేకపోతే తర్వాత వాదించడం కష్టం. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా చట్టం అనుచిత పద్ధతుల్లోనే చేర్చింది. ఆన్‌లైన్‌లో కొంటే 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. నకిలీ సరుకు, లోపమున్న సరుకు, ప్రకటనకు భిన్నంగా ఉన్న సరుకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు కంపెనీ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు విత్తనంలో జరుగుతుంది. చీర పాడైతే చీర ధర పోతుంది. గింజ మొలవకపోతే దుక్కి, ఎరువు, కూలి, అదునూ కలిసి పోతాయి. పైగా వాపసు ఇవ్వడానికి సరుకు చేతిలో ఉండదు, మట్టిలో ఉంటుంది. ఈ చిక్కు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది తెలుగు రైతుల వల్లే. జాతీయ విత్తన సంస్థ ఇచ్చిన విత్తనంతో పంట దెబ్బతిందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం జిల్లాల వినియోగదారుల ఫోరాల్లో రైతులు ఫిర్యాదు చేసి గెలిచారు. సంస్థ పైకోర్టులకు వెళ్లింది. విత్తనాల చట్టం వేరే ఉందని, రైతులు వ్యాపారం కోసం కొన్నారని, గింజలను ప్రయోగశాలకు పంపలేదని వాదించింది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనలన్నీ తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడేనని చెప్పింది. కొన్న గింజలన్నీ విత్తుకునే రైతు, రేపు పరీక్ష అవసరమవుతుందేమోనని కొన్ని దాచి పెట్టాలనడం కుదరదంది. పొలం చూసిన వ్యవసాయ నిపుణుల నివేదికలు సాక్ష్యంగా నిలిచాయి.

పత్తి, వరి వేసే చిట్యాల రైతుకు ఈ తీర్పు ఎంతో విలువైనది. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకోవడం, ఖాళీ ప్యాకెట్లు పారేయకపోవడం, మొలక రాలేదని తెలియగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పి పొలం చూపించడం, మళ్లీ దున్నకముందే ఫొటోలు తీయడం: కేసు నిలబడేది వీటి మీదే.

సమస్య వస్తే మొదట దుకాణదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 నాటి పాత చట్టంలో, హైదరాబాద్‌లో టీవీ కొన్న చిట్యాలవాసి మామూలుగా హైదరాబాద్‌లోనే కేసు వేయాల్సి వచ్చేది. కొత్త చట్టం, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలిచ్చింది. అంటే నల్లగొండలోనే వేయవచ్చు. బస్సు ఖర్చుకూ, పోయే కూలికీ జంకే మనిషికి ఈ ఒక్క మార్పే పెద్ద ఊరట. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పంపవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అమ్మినవారినీ, తయారుచేసినవారినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు.

పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైనది 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. లోపం సరిచేయడం, కొత్తది ఇవ్వడం, వడ్డీతో ధర వాపసు, నష్టపరిహారం: వీటిలో తగినది కమిషన్ ఆదేశిస్తుంది. ఆ ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.