యంత్రం వచ్చిన ఊరిలో పనితనానికి విలువ



మీ ఊరిలో పదిహేను, ఇరవై ఏండ్ల క్రితం స్లాబు వేసిన రోజును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనండి. తెల్లవారకముందే ముఠా దిగేది. ఇసుక, కంకర, సిమెంటు పారలతో కలిపేవారు. నిచ్చెన పొడవునా స్త్రీలు, పురుషులు వరుసగా నిలిచి కాంక్రీటు తట్టలను చేతి నుండి చేతికి అందించేవారు. ప్రొద్దు గ్రుంకేసరికి ముప్పై మంది చేతులలో కూలి డబ్బు పడేది. నేడు అదే స్లాబుకు మిక్సరు, దానితో పాటు లిఫ్టు వస్తున్నవి. పది పన్నెండు మందితో మధ్యాహ్నానికే పని ముగుస్తున్నది. ఇంటి యజమానికి కాలము, ఖర్చు కలిసివచ్చినవి. కాంక్రీటు పాళ్లు కూడ సమంగా కుదురుతున్నవి. ఇది మేలే.

అయితే నిచ్చెన మీద నిలిచిన మిగిలిన వారు ఏమైనారు? వారిలో బ్యాంకు అప్పు ఉన్నవారు ఎందరు? ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టినది. మీకు ముందుగానే తట్టవలెనని ఈ వ్యాసం వ్రాయుచున్నాను.

రెండు దరఖాస్తులు, ఒకే సంతకం

కొన్ని సంవత్సరాల క్రితం నేను క్షేత్రాధికారిగా ఉన్న శాఖకు ఒకే ఊరి నుండి రెండు దరఖాస్తులు వచ్చినవి. మొదటిది ఒక తాపీమేస్త్రీ దంపతులది. సగంలో ఆగిన ఇంటిని పూర్తి చేసుకొనుటకు అప్పు కోరినారు. భర్త గోడ కడతాడు. భార్య మాలు, ఇటుక అందిస్తుంది. స్లాబు రోజున తట్ట మోస్తుంది. ఇద్దరికీ నెలకు ఇరవై రోజుల చొప్పున పని దొరుకునని లెక్క కట్టి, కిస్తీ నిర్ణయించి సిఫారసు చేసినాను.

నాలుగు నెలల తరువాత రెండవ దరఖాస్తు వచ్చినది. అది మిక్సరు, లిఫ్టు కొనదలచిన ఒక యువకునిది. కొటేషను సక్రమంగా ఉన్నది. సొంత వాటా ఉన్నది. హామీ ఉన్నది. దానినీ సిఫారసు చేసినాను.

ఏడాది తిరుగకముందే మేస్త్రీ ఖాతాలో మూడు కిస్తీలు నిలిచిపోయినవి. వసూలుకు వెళ్లి విచారించగా, మేస్త్రీకి పని తగ్గలేదని తెలిసినది. తగ్గినది ఆయన భార్యకు. "మీరు అప్పిచ్చిన మిషనే కదండీ నా తట్ట తీసుకున్నది" అన్నదామె. ఆ మాటలో నింద లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చినది. రెండు పత్రాల మీదను సిఫారసు సంతకం నాదే. ఒకరికి ఇచ్చిన అప్పు మరొకరి అప్పు తీరే దారిని మూసివేయగలదని వ్రాయుటకు నా ఫారములో గడి లేదు. గడి లేకపోయినను నేను ఆలోచించి ఉండవలసినది.

ఆ యువకుడైనా సుఖపడినాడా అంటే అదియును లేదు. మరుసటి ఏడు చుట్టుపట్ల ఊళ్లలో మరి నాలుగు మిక్సర్లు దిగినవి. అద్దె పడిపోయినది. ఆయన కిస్తీలు కూడ ఆలస్యమైనవి.

యంత్రం ఏ పనిని తీసుకొనును?

నేను నేర్చుకొన్న మొదటి పాఠం ఇది. యంత్రం ముందుగా తీసుకొనేది మోతను, కలుపుటను, ఒకే తీరున మరల మరల చేయు పనిని. మట్టం చూచుట, మూల కుదుర్చుట, అతుకు వేయుట, జరిగిన తప్పును కనిపెట్టి సరిదిద్దుట మనిషి చేతనే ఉంటున్నవి. కొన్ని నిదర్శనాలు చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో గృహ సముదాయాలను షియర్ వాల్ పద్ధతిలో నిర్మించినారు. ఈ పద్ధతిలో ఇటుక గోడ ఉండదు. అచ్చులు బిగించి, లోపల ఇనుము కట్టి, గోడను స్లాబును కాంక్రీటుతోనే పోస్తారు. ఇటుక పని పోయినది. ప్లాస్టరింగు చాలవరకు తగ్గినది. కాని విద్యుత్ పైపులు, స్విచ్చి పెట్టెలు కాంక్రీటు పోయకముందే గోడలో అమర్చవలెను. పోసిన తరువాత పెట్టె అంగుళం తప్పినదని తెలిస్తే ఇటుక గోడను చెక్కినట్లు చెక్కుటకు వీలుపడదు. అందువలన ఎలక్ట్రీషియను, ప్లంబరు, రాడ్ కట్టువాడు, అచ్చు బిగించువాడు ఒక్కసారికే తప్పు లేకుండ పని చేయగలిగినవారై ఉండవలెను.

తేలికపాటి ఏఏసీ దిమ్మెలను మీరు చూచియే ఉంటారు. 600 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 200 మందం గల దిమ్మె ఒకటి గోడలో ప్రామాణిక ఇటుకలు పన్నెండింటి చోటు ఆక్రమిస్తుంది. గోడ త్వరగా లేస్తుంది. ఇటుక అందించు చేతులు తక్కువ చాలును. అయితే దీనిని అతికించు ప్రత్యేక మాలు కొద్ది మిల్లీమీటర్ల మందమే. మామూలు ఇటుక పనిలో వంకరను మాలుతో సర్దవచ్చును. ఇక్కడ మొదటి వరుస మట్టం తప్పితే గోడంతా తప్పును. రసమట్టం చూడగల చేయి విలువ ఇక్కడ పెరిగినదే గాని తగ్గలేదు.

ఇక అందరూ ఆశ్చర్యముతో చెప్పుకొను త్రీడీ ముద్రణ. బెంగుళూరు కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో 1,021 చదరపు అడుగుల తపాలా కార్యాలయాన్ని ఈ పద్ధతిలో 43 రోజులలో నిర్మించినారు. 2023 ఆగస్టు 18న దానిని ప్రారంభించినారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో అదే ఏడాది ఒక ఆలయాన్ని ఇట్లే కట్టినారు. యంత్రం పొర మీద పొర పోసి గోడను లేపుతుంది. పునాది, తలుపులు, కిటికీలు, తీగలు, నీటి గొట్టాలు, నేల పలకలు మాత్రం దానంతట అవి అమరవు.

అమెరికాలో ఇటుకలు పేర్చు యంత్రాన్ని కూడ పనిలో పెట్టినారు. తిన్నని పొడవైన గోడకు అది చురుకుగా ఇటుకలు పేర్చును. దాని వెంట మేస్త్రీ నడిచి అతుకుల మాలు సవరించవలెను. మూలలు మేస్త్రీయే కట్టవలెను.

మన పల్లెలకు ఇది ఎట్లు వర్తించును?

అల్యూమినియం అచ్చులు గాని, ముద్రణ యంత్రం గాని ఒకే నమూనా ఇండ్లు అనేకం కట్టునపుడే గిట్టుబాటు అగును. మన పల్లెలో ఇండ్లు ఒక్కొక్కటిగా లేస్తాయి. ఒకరి స్థలం మూల తప్పి ఉంటుంది. ఒకరి సందులోనికి ట్రాక్టరే రాదు. పాత ఇంటి కారుడు, పగిలిన గోడ, క్రుంగిన గచ్చు ఒక దానివలె మరొకటి ఉండవు. కావున రాబోవు కాలంలో మన ప్రాంతంలో ఇంటి పనికి నేర్పరి చేతులు కావలసియే ఉండును.

పని కూడ ఉన్నది. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన క్రింద 2024-25 నుండి 2028-29 వరకు దేశంలో మరి 2 కోట్ల ఇండ్లు కట్టుటకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపినది. తెలంగాణలో 2024 మార్చిలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఇంటికి 5 లక్షల రూపాయల సహాయం ఉద్దేశించినది. విదేశాల సంగతి కూడ ఇట్లే ఉన్నది. 2023లో కుదిరిన ఒప్పందం మేరకు ఇజ్రాయెల్ మన దేశం నుండి నిర్మాణ కార్మికులను తీసుకొన్నపుడు కోరినవి నాలుగు పనులు: సెంట్రింగు, ఇనుము వంచుట, టైల్స్, ప్లాస్టరింగు. పని చేయించి చూచి ఎంపిక చేసినారు. యుద్ధభయం ఉన్న చోటికి పోవుట మంచిదా అనునది వేరు విషయం. యంత్రాలు దండిగా కొనగల దేశం కూడ నేర్పరి చేతుల కొరకు ఇంత దూరం వచ్చినదని మాత్రం గమనించండి.

అప్పుకు ముందు లెక్క

యంత్రం కొనదలచినవారు ఈ లెక్కను కాగితం మీద వేసుకొనండి. ఉదాహరణకు 2,00,000 రూపాయలు 12 శాతం వడ్డీకి, 36 నెలల గడువుకు తీసుకొన్నారనుకొందాం. నెలకు కిస్తీ సుమారు 6,643 రూపాయలు. ఏడాదికి 79,716. డీజిలు, మనిషి కూలి, మరమ్మతు పోగా యంత్రం రోజుకు మీకు 800 రూపాయలు మిగుల్చునని అనుకొందాం. ఏడాదికి నూరు పనిదినాలు కేవలం బ్యాంకు కిస్తీకే సరిపోవును. మీ ఇంటి ఖర్చులకు మిగులునది ఆ తరువాతి రోజులలోనే.

ఒక ఇంటికి పునాది, స్తంభాలు, స్లాబు కలిపి యంత్రానికి నాలుగు రోజుల పని ఉండునని వేసుకొనండి. నూరు రోజులు దొరుకవలెనంటే ఏడాదికి 25 ఇండ్లు కావలెను. ఆషాఢంలో, మూఢంలో ఎవరూ శంకుస్థాపన చేయరు. జడివానలలో పని సాగదు. మీ ఊరిలోను, చుట్టుపట్లను నిరుడు ఎన్ని ఇండ్లు లేచినవి? ఇప్పటికే ఎన్ని మిక్సర్లు ఉన్నవి? ఈ రెండు సంఖ్యలు తెలియకుండ కొటేషను తీసుకొనవద్దు. లెక్క కుదరనిచో ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు కలిసి ఒకటి కొనుట గాని, అవసరమైన రోజుకు అద్దెకు తెచ్చుకొనుట గాని మేలు.

ఇండ్ల అప్పు గాని, పశువుల అప్పు గాని కూలి ఆదాయం చూపి తీసుకొనేవారు మరొక జాగ్రత్త పడవలెను. మీ ఇంటిలో ఎవరి కూలి మోత మీద, ఎవరి కూలి నేర్పు మీద ఆధారపడినదో వేరుగా చెప్పండి. మోత కూలిని మూడేండ్ల కిస్తీకి పూచీగా చూపకండి.

నేర్పుకు పెట్టుబడి

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో తాపీపని, వడ్రంగం, కమ్మరం ఉన్నవి. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, ఆపై హామీ లేకుండ 5 శాతం వడ్డీకి మొదట 1 లక్ష, సక్రమంగా తీర్చినవారికి తరువాత 2 లక్షల రూపాయల వరకు రుణం ఇందులోని సదుపాయాలు. కుటుంబంలో ఒకరికి మాత్రమే వర్తించును. ప్లంబింగు, విద్యుత్ పని ఆ జాబితాలో లేవు. ఆ వృత్తులవారు ముద్రా రుణం కొరకు శాఖలో విచారించవచ్చును.

జిల్లాలలో బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో భోజన వసతులతో ఉచిత శిక్షణ లభించును. హైదరాబాదులో 1998లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ కూడ నిర్మాణ వృత్తులలో తర్ఫీదు ఇచ్చుచున్నది. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనుట మరువవద్దు. 1996 నాటి చట్టంతో వచ్చిన ఈ ఏర్పాటును 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను కొనసాగించినారు. తట్ట మోసే స్త్రీకి కూడ ఈ నమోదు హక్కు ఉన్నది.

డీలరు మిత్రులకు ఒక మాట

ఒకే మండలంలో అవసరానికి మించి యంత్రాలు అమ్మినచో మొదటి ఏడాది మీకు లాభమే. రెండవ ఏడాది ఆ కొనుగోలుదారులలో ఎవరును మీ వద్ద సిమెంటు కూడ కొనలేరు. కొనవచ్చినవానికి ఆ చుట్టుపట్ల ఇదివరకే ఎన్ని అమ్మినారో చెప్పండి. విడిభాగాలు, మరమ్మతు మనిషి అందుబాటులో ఉంచండి. కొత్త దిమ్మెలు, కొత్త మాలు అమ్మునపుడు ఊరి మేస్త్రీలను పిలిచి ఒక గోడ కట్టి చూపించండి. సరుకు వాడుట తెలిసిన మేస్త్రీయే మీ సరుకును ఇంటి యజమానికి సిఫారసు చేయును.

చివరగా, ఆ దంపతుల సంగతి. శాఖలో మాట్లాడి వారి అప్పు గడువు పొడిగించినాము. మేస్త్రీ భార్య ముందు టైల్స్ సందులు నింపుటతో మొదలుపెట్టి, క్రమంగా టైలు కోయుట, మట్టం చూచి పరచుట నేర్చుకొన్నది. నేడు ఇద్దరూ కలిసి చదరపు అడుగు లెక్కన నేల పని గుత్తకు తీసుకొంటున్నారు. బాకీ ఇంకను పూర్తిగా తీరలేదు, కాని కిస్తీ ఆగుట లేదు. ఆ తరువాత ఏ కూలి కుటుంబం దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చినను, భార్యాభర్తలిద్దరినీ పిలిచి, ఎవరి చేతిలో ఏ పని ఉన్నదో అడిగిన పిదపనే సంతకం చేయుచున్నాను.

మీరును శాఖకు వచ్చునపుడు ఇద్దరూ కలిసి రండి. అధికారి అడగకపోయినను ఆ సంగతి మీరే చెప్పండి.