ఆటయంత్రాలకు వాడుక పేర్లు

మన ఊరికి రెండు పేర్లున్న సంగతి అందరికీ తెలిసినదే. కాగితాలలో మచిలీపట్నం, నోటిమాటలో బందరు. 'బందర్' పారసీక పదం. ఓడరేవు అని దాని అర్థం. ఏ రేవుకైనా చెల్లవలసిన సామాన్య నామం మన ప్రాంతంలో ఈ ఒక్క ఊరికే విశేష నామమై స్థిరపడింది. విజయవాడలోని మహాత్మాగాంధీ రోడ్డును నేటికీ జనం బందరు రోడ్డు అనే వ్యవహరిస్తున్నారు. నామకరణంలో ప్రజలకు గల ఈ అధికారం పురాతన పట్టణాలకే పరిమితం కాదు, నిన్నమొన్నటి వస్తువుల మీద కూడా చెల్లుతుంది. అందుకు నేను ఎన్నుకున్న ఉదాహరణ పెద్దలకు స్వల్ప విషయంగా తోచవచ్చు. టీవీకి తగిలించి పిల్లలు ఆడుకున్న పాత వీడియో గేమ్ యంత్రాలు, వాటికి లోకం పెట్టుకున్న మారుపేర్లు ఈ వ్యాసానికి విషయం.

ముందు యంత్రాన్ని గురించి కొంత చెప్పాలి. జపాను దేశపు నిన్‌టెండో సంస్థ 1983 జులై 15న 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆటయంత్రాన్ని 14,800 యెన్ల ధరకు విడుదల చేసింది. జపానీయులు ఆ పొడవాటి పేరును 'ఫామికాన్' అని కుదించుకున్నారు. అదే యంత్రం 1985లో రూపం మార్చుకొని 'నిన్‌టెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అనే పేరుతో అమెరికా చేరింది. దీనికి తూర్పు ఆసియాలో లెక్కలేనన్ని అనుకరణలు పుట్టాయి. 1990 దశకంలో మన దేశపు బజారులలో కనిపించిన 'సమురాయ్', 'లిటిల్ మాస్టర్', 'టెర్మినేటర్' మొదలైనవన్నీ ఈ ఫామికాన్ కోవకు చెందినవే. (లిటిల్ మాస్టర్ అనగానే మనవారికి గవాస్కర్ స్ఫురించటం సహజం.) టెర్మినేటర్ మాత్రం పులితోలు కప్పుకున్న గాడిద వంటిది. పైకి సెగా కంపెనీవారి మెగా డ్రైవ్ వలె కనిపిస్తుంది, లోపల పనిచేసేది ఫామికాన్ యంత్రాంగం.

అయితే బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమ గ్రామాలలో గాని మా ఈడు పిల్లలు ఈ పేర్లను పలకగా నేను విన్నది అరుదు. గల్ఫ్ దేశాల నుండి బంధువులు తెచ్చినదైనా, బజారులో కొన్నదైనా, గంటకింత అని అద్దె చెల్లించి ఆడినదైనా అది 'వీడియో గేమ్', లేదా ఇంకా సూటిగా 'మారియో'. "వాళ్ళింట్లో మారియో ఉంది" అంటే ఆ ఆట ఒక్కటే ఉన్నదని కాదు, యంత్రమున్నదని అర్థం. "కాంట్రా పెట్టరా" అన్నప్పుడు మాత్రం అది యంత్రం కాదు, ఆట. ఏ సందర్భంలో ఏ అర్థమో పదేళ్ళ పిల్లవానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

తెలుగు, ఉర్దూ సాహిత్యాలు చదివే మన విద్యార్థులకు ఇది కొత్త సంగతి కారాదు. ఆలంకారికులు దీనినే లక్షణావృత్తి అన్నారు. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు పల్లె నీటిలో లేదు, గట్టున ఉన్నదని గ్రహిస్తాము. ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న వేరొక అర్థాన్ని తీసుకోవటమే లక్షణ. ఉర్దూ అలంకార శాస్త్రంలో 'మజాజ్-ఎ-ముర్సల్' అనేది దీనికి దగ్గరి బంధువు. అంశాన్ని చెప్పి సమస్తాన్ని ఉద్దేశించటం దాని భేదాలలో ఒకటి. యంత్రంలో ఆడే అనేక ఆటలలో ఒకదాని పేరు యంత్రానికంతటికీ పేరు కావటం సరిగ్గా ఇదే.

ఇతర దేశాలవారు వేరు వేరు దారులు తొక్కారు. అమెరికావారు ఎక్కువగా పోలికను ఆశ్రయించారు. క్యాసెట్టును ముందు వైపు నుండి తోసి కిందికి నొక్కే అక్కడి నిన్‌టెండో యంత్రానికి రొట్టె కాల్చే 'టోస్టర్' అని పేరు వచ్చింది. 1982లో కర్రరంగు పట్టీ లేకుండా పూర్తి నలుపులో వచ్చిన అటారీ యంత్రం 'వేడర్' అయింది. స్టార్ వార్స్ చిత్రంలోని నల్లదుస్తుల ప్రతినాయకుడు డార్త్ వేడర్ దానికి మూలం. 1977 నాటి తొలి అటారీని 'హెవీ సిక్సర్' అంటారు. మన విద్యార్థులు క్రికెట్టును తలచుకుంటారేమో! అది ఆరు స్విచ్‌లుండి బరువైన ప్లాస్టిక్కుతో చేసిన యంత్రమని మాత్రమే దాని అర్థం. చైనావారు రంగును పట్టుకొని ఫామికాన్‌ను 'ఎరుపు తెలుపు యంత్రం' అన్నారు. రష్యాలో 1992లో 'డెండీ' అనే పేరుతో అమ్మిన అనుకరణ ఎంతగా వ్యాపించిందంటే, ఆ కోవ యంత్రాలన్నీ అక్కడ డెండీలే అయినాయి. టర్కీలో ఏ ఆటయంత్రమైనా 'అటారీ'యే, ఆటలాడించే దుకాణం 'అటారీ సలోను'.

ఇటువంటి వాడుక కంపెనీలకు గౌరవమే గదా అనిపిస్తుంది. కాని వారికి అది భయం. వ్యాపార నామం సామాన్య నామమైపోతే దానిపై హక్కు నిలవదు. అందుచేతనే 1990 ప్రాంతంలో నిన్‌టెండో సంస్థ, 'ఒక నిన్‌టెండో' అనే వస్తువేదీ లేదని అమెరికాలో ప్రత్యేకంగా ప్రకటన వేయించింది. వనస్పతినంతటినీ డాల్డా అనీ, నకలు తీయటాన్ని జిరాక్స్ అనీ అనే మనకు ఈ బాధ సులభంగానే బోధపడుతుంది.

ఇక నాకు అన్నిటికంటె ప్రియమైన పదం 'క్యాసెట్టు'. యంత్రంలో గుచ్చే ఆటపెట్టెను మన పిల్లలు పాటల క్యాసెట్టుతో సమానం చేసి ఆ పేరు పెట్టారనీ, అది అజ్ఞానమనీ ఇంగ్లీషు చదివిన కొందరు నవ్వటం విన్నాను. ఆ పెట్టెలో టేపు లేని మాట నిజమే. కాని జపానులో వాడుక కూడా 'కసెట్టో' అనే! అమెరికాలో దానికి 'గేమ్ ప్యాక్' అని మరొక పేరు పెట్టి అమ్మారు. అంటే బందరు పిల్లలు తెలియకుండానే మూలభాషకు దగ్గరగా ఉన్నారన్నమాట. బ్రెజిల్‌లో దీనినే 'ఫీత' అంటారు. పోర్చుగీసు భాషలో దానికి పట్టీ, టేపు అని అర్థం. మనం వాడే 'ఫీతా' కూడా పోర్చుగీసు వర్తకుల ద్వారా ఈ దేశభాషలలో చేరిన ఆ పదమే.

క్యాసెట్టు పనిచేయకపోతే తెలుగు ఇళ్ళలో "ఊది పెట్టు" అనేవారు, ఉర్దూ ఇళ్ళలో "ఫూంక్ మారో" అనేవారు. శాస్త్రరీత్యా రెండూ పొరపాటే. ఊపిరిలోని తేమ లోహపు మొనలకు చెరుపు చేస్తుంది. తీసి మళ్ళీ పెట్టటం వల్ల మొనలు సరిగా తగిలి ఆట నడిచేది గాని, ఊదటం వల్ల కాదు. ఆ క్యాసెట్ల మీద '9999 ఇన్ 1' అని అచ్చువేసేవారు. నిజానికి లోపల ఉండేవి కొద్ది ఆటలే, అవే తిరిగి తిరిగి వేరు పేర్లతో వచ్చేవి.

టోస్టర్, వేడర్, డెండీ వంటి పేర్లను పాత యంత్రాలు సేకరించేవారు జాగ్రత్తగా గ్రంథస్థం చేస్తున్నారు. వాటి సరసన మన 'మారియో' కనిపించదు. యంత్రాలు పాత సామాన్ల బండికి పోతున్నాయి, ఆ మాటలు పలికినవారు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. నాగాయలంక, అవనిగడ్డ, కోడూరు ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులు సెలవులలో తమ ఇళ్ళ అటకలను, అన్నలను, బాబాయిలను, మామయ్యలను విచారించి రాసి తెస్తే తెలుగు, ఉర్దూ శాఖలు రెండూ కలిసి ఒక పట్టిక కూర్చవచ్చు. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఇంట్లో ఏమని పిలిచేవారు, పెట్టె మీద ఏమి రాసి ఉంది అనే నాలుగు విషయాలు చాలు. యంత్రం దొరికితే క్యాసెట్టు అంచున ఉన్న లోహపు మొనలను కూడా లెక్కించాలి. రెండు వైపులా కలిపి 60 ఉంటే అది జపాను ఫామికాన్ కోవ, 72 ఉంటే అమెరికా కోవ.