జపాను బొమ్మల సీరియళ్లు సముద్రం దాటే తీరు

జపాను భాషలో ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఈనాడు ఆ దేశపు బొమ్మల సీరియళ్లను ఎగబడి చూస్తున్నారు. వీటినే 'అనిమే' అంటారు. మరి ఇవి పరదేశాలకు ఎలా చేరుతున్నాయి? మంచి కళ దానంతటదే ఎల్లలు దాటుతుందనుకుంటే పొరపాటే. దాటించేది హక్కుల ఒప్పందం. ఆ ఒప్పందాన్నిబట్టే బొమ్మ రూపం కూడా మారుతూ వచ్చింది.

1963 జనవరి 1న ఒసాము తెజుకా తీసిన 'తెత్సువాన్ ఆటమ్' జపానులో మొదలయింది. టెలివిజన్ కంపెనీకి ఆయన దానిని తయారీ ఖర్చుకంటే తక్కువ ధరకే ఇచ్చాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆటవస్తువుల అమ్మకం మీద, విదేశీ హక్కుల మీద ఆధారపడక తప్పలేదు. ఆ యేడే అమెరికాలో ఎన్.బి.సి.కి చెందిన సంస్థ దాన్ని కొని, ఇంగ్లీషు మాటలు చేర్చి, 'ఆస్ట్రో బాయ్' అనే పేరుతో స్థానిక స్టేషన్లకు అమ్మింది.

కొన్నవాడి అవసరం ఎంత దూరం పోగలదో 1985 నాటి 'రోబోటెక్' చెబుతుంది. వారానికి ఐదు రోజుల లెక్కన పదమూడు వారాలు నడవాలి కనుక, అమెరికా స్టేషన్లు కనీసం 65 భాగాలు కావాలనేవి. 'మాక్రాస్' సీరియల్లో వున్నవి 36 మాత్రమే! అందుకని దానితో ఏ సంబంధమూ లేని మరి రెండు సీరియళ్లను కలిపి, మూడు తరాల కథగా అల్లి 85 భాగాలు చేశారు. కథానాయకుడు హికారు ఇచిజో కాస్తా రిక్ హంటర్ అయిపోయాడు.

ఈ మార్పులు నచ్చని అభిమానులు వీడియో క్యాసెట్ల మీద తామే సబ్‌టైటిల్స్ వేసి పంచుకున్నారు. ఇంటర్నెట్టు వచ్చాక ఆ పని మరీ తేలికయింది. 2006లో మొదలైన క్రంచీరోల్ కూడా మొదట్లో అనుమతి లేని వీడియోలతోనే నడిచింది. 2009 జనవరిలో టీవీ టోక్యోతో ఒప్పందం కుదుర్చుకుని, 'నరుటో షిప్పూడెన్' కొత్త భాగాన్ని జపానులో వచ్చిన రోజే చందాదారులకు చూపసాగింది. కత్తిరింపులు లేవు, పేర్ల మార్పూ లేదు. 2021లో సోనీ సంస్థ ఆ కంపెనీని కొనేసింది.

మరి చందా డబ్బు ఎవరికి పోతున్నది? అసలు సంగతి ఇక్కడుంది. చాలా అనిమేలను ఒక్క కంపెనీ తీయదు. ప్రచురణకర్త, టెలివిజన్, పాటల కంపెనీ, ఆటవస్తువుల కంపెనీ కలిసి 'నిర్మాణ సంఘం'గా ఏర్పడి పెట్టుబడి పెడతాయి. లాభాలూ వాటావారీగా అవే పంచుకుంటాయి. అందులో వాటా లేని స్టూడియోకు దక్కేది ముందుగా మాట్లాడుకున్న కూలి మాత్రమే. సీరియల్ ప్రపంచమంతా మారుమోగినా, రాత్రీ పగలూ బొమ్మలు గీసిన కుర్రవాడి జీతం పెరగాలన్న నియమమేమీ లేదు.

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' మన థియేటర్లలో తెలుగు మాటలతోనే ఆడింది. చూసేవాడికి దూరం తగ్గింది, సంతోషమే. గీసేవాడికి, ఆదాయానికి మధ్య వున్న దూరం మాత్రం అంతగా తగ్గలేదు. దాన్ని తగ్గించవలసింది కూడా ఒప్పందమే. సినిమా, బొమ్మలు, కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగాల్లోకి పోదలచిన మన విద్యార్థులు గీత నేర్చుకున్నంత శ్రద్ధగా హక్కుల సంగతీ నేర్చుకోవాలి. సంతకం పెట్టేముందు కాగితం చదవడం కూడా ఆ విద్యలో భాగమే.